నోరు నొక్కేసి, మాట్లాడరేమని అడుగుతారా?

మీటింగుల్లో జనం నోరు మెదపడం లేదన్నది ఇవాళ ఏ ఆఫీసుకు వెళ్లినా వినిపించే ఫిర్యాదు. దానికి మందు కూడా సిద్ధంగానే ఉంది. మొదట్లో ఐస్‌బ్రేకర్ పెట్టాలి, ఒక్కొక్కరూ తమకిష్టమైన సినిమా పేరో చిన్నప్పటి ముద్దుపేరో చెప్పాలి. మధ్యలో ఫోన్లలో పోల్ పెట్టాలి. ఆన్‌లైన్ అయితే కెమెరాలు ఆన్‌లో ఉండి తీరాలి. మాట్లాడని వాళ్లను పేరు పెట్టి పిలవాలి. శుక్రవారం సాయంత్రం ఆటలాడించాలి. ఇవన్నీ నేర్పడానికి ట్రైనర్లున్నారు, వాళ్లకు ఇవ్వడానికి హెచ్ఆర్ బడ్జెట్‌లో ఒక పద్దు ఉంది. ఈ మందులన్నిటి వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే. లోపం కూర్చున్నవాళ్లలో ఉందట. వాళ్లకు ఉత్సాహం లేదు, లేదా ధైర్యం లేదు, లేదా ‘కమ్యూనికేషన్’ లేదు. కాబట్టి వాళ్లను కదిలించాలి.

ఈ నమ్మకం తప్పు. తప్పే కాదు, అన్యాయం కూడా. నలుగురిలో మనిషి నోరు విప్పాలంటే తాను చెప్పేదాని వల్ల ఏదో ఒకటి మారుతుందన్న ఆశ ఉండాలి, చెప్పినందుకు తనకు కీడు జరగదన్న భరోసా ఉండాలి. ఈ రెండూ ఇవ్వగలిగేది మీటింగు పెట్టినవాళ్లే. కూర్చున్నవాళ్ల దగ్గర అవి లేవు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఏళ్ల తరబడి మీటింగు బల్లకు ఇటువైపూ కూర్చున్నాను, అటువైపూ కూర్చున్నాను. ఊరికే ఉలకకుండా ఉండే టీమును నేనెక్కడా చూడలేదు. మాట్లాడి చూసి, ఫలితం తెలుసుకుని, ఆ తర్వాత మాట్లాడడం మానుకున్న టీములనే చూశాను.

దగ్గరుండి చూసిన సంగతి ఒకటి చెబుతాను. ఊరు హైదరాబాద్. విదేశీ క్లయింటుకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్న ప్రాజెక్టు. రిలీజు దగ్గర పడుతోంది. ప్లానింగ్ కాల్‌లో, టెస్టింగ్ చూసే ఒక అమ్మాయి అన్‌మ్యూట్ చేసుకుని, నెలాఖరు తేదీల్లో కొన్ని రీఫండ్లు రెండుసార్లు పడుతున్నాయని చెప్పింది. ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. అయినా తడబడలేదు. ఏ తేదీ పెడితే తప్పు వస్తోందో చెప్పింది, స్క్రీన్ షేర్ చేసి చూపిస్తానంది. డెలివరీ మేనేజర్ ‘గుడ్ పాయింట్, ఆఫ్‌లైన్‌లో మాట్లాడదాం’ అన్నాడు. ఆ ఆఫ్‌లైన్ రాలేదు. మినిట్స్‌లో ఆ ముక్క లేదు. ఆమె రాసిన టికెట్‌కు ప్రయారిటీ తగ్గించి తర్వాతి రిలీజులోకి తోశారు. సాఫ్ట్‌వేర్ బయటికి వెళ్లిన మొదటి నెలాఖరుకే క్లయింటు నుంచి ఎస్కలేషన్ వచ్చింది. ఆ రోజు కాల్‌లో మొదటి ప్రశ్న: ‘టెస్టింగ్‌లో ఎందుకు పట్టుకోలేదు?’ ఆమె టికెట్ నంబరు చదివింది. ‘అయితే గట్టిగా ఫాలో అప్ చేయాల్సింది కదమ్మా’ అన్నారు. ఆ ఏడాది అప్రైజల్‌లో ఆమె పేరు కింద ‘ఇంకా ప్రోయాక్టివ్‌గా ఉండాలి’ అని రాశారు.

ఆ తర్వాత కాల్స్‌లో ఆమె నోట ‘నో అప్‌డేట్స్ ఫ్రమ్ మై సైడ్’ తప్ప ఇంకో మాట వినలేదు. కొన్నాళ్లకు అదే టీముకు ఎంగేజ్‌మెంట్ వర్క్‌షాప్ పెట్టారు. ట్రైనర్ ఒక మెత్తటి బంతి విసిరి, పట్టుకున్నవాళ్లు మాట్లాడాలన్నాడు. బంతి ఆమె చేతికొచ్చింది. తనకు మొక్కలంటే ఇష్టమని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. ట్రైనర్ ఇచ్చిన రిపోర్టులో ఆ టీము ‘పార్టిసిపేషన్’ పెరిగిందని ఉంది.

ఆ అమ్మాయికి లేనిదేమిటి? ధైర్యం ఉంది కాబట్టే అంతమంది సీనియర్ల ముందు రిలీజుకు అడ్డంపడే మాట చెప్పింది. పనిమీద శ్రద్ధ ఉంది కాబట్టే నెలాఖరు తేదీలు పెట్టి చూసింది. మాట్లాడే నేర్పూ ఉంది. వీటిని ఒక్కొక్కటిగా వాడి చూసి, ఒక్కదానికీ ఈ గదిలో చోటు లేదని తెలుసుకుంది. ఆ మౌనాన్ని ఆమె లోపంగా రాసినవాళ్లు అబద్ధం రాశారు.

ఇది ఒక చిన్న ప్రాజెక్టులో జరిగింది కాబట్టి డబ్బు నష్టంతో పోయింది. ఇదే వరస ప్రాణాల దాకా వెళ్లిన మీటింగు ఒకటుంది. అందులో ఎవరు ఏం మాట్లాడారో విచారణ రికార్డులో ఉంది కాబట్టి వివరంగా చెప్పవచ్చు.

1986 జనవరి 27 రాత్రి అమెరికాలో ఒక టెలికాన్ఫరెన్స్ జరిగింది. తెల్లవారితే ఛాలెంజర్ వ్యోమనౌక ప్రయోగం. దాని రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థయోకాల్ కంపెనీ ఇంజినీర్లు, మేనేజర్లు యూటా రాష్ట్రంలో ఒక గదిలో కూర్చున్నారు. నాసా అధికారులు కొందరు అలబామా నుంచి, కొందరు ఫ్లోరిడా నుంచి లైన్లో ఉన్నారు. ఫ్లోరిడాలో ఆ రాత్రి గడ్డకట్టే చలి. రాకెట్ భాగాలు కలిసే జాయింట్ల దగ్గర వేడి వాయువులు బయటికి తన్నకుండా రబ్బరు రింగులు ఆపాలి. అవి చలికి బిగుసుకుపోతాయన్నది ఇంజినీర్ల భయం. అంతకు ఏడాది ముందు, జాయింటు దగ్గర ఉష్ణోగ్రత దాదాపు 12 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు చేసిన ప్రయోగంలో రింగును దాటి మసి కనిపించింది. అంతకన్నా చలిలో ప్రయోగించవద్దని ఇంజినీర్లు లెక్కలు, పటాలు పెట్టి చెప్పారు. కంపెనీ సిఫారసు కూడా మొదట అదే.

నాసా వైపు నుంచి అసహనం వినిపించింది. అయితే ఏప్రిల్ దాకా ఆగమంటారా అన్నట్టు మాట్లాడారు. కంపెనీ వాళ్లు తమలో తాము మాట్లాడుకోవడానికి ఐదు నిమిషాలు అడిగారు. అది అరగంట సాగింది. ఆ అరగంటలో ఆర్నీ థాంప్సన్ అనే ఇంజినీరు తన చోటు నుంచి లేచి, మేనేజర్లు కూర్చున్న వైపు నడిచి వెళ్లి, కాగితం వాళ్ల ముందు పెట్టి జాయింటు బొమ్మ గీస్తూ మళ్లీ వివరించబోయాడు. వాళ్ల చెవికి ఎక్కడం లేదని అర్థమై ఆపేశాడు. రోజర్ బోజొలే అనే ఇంకో ఇంజినీరు మసి పట్టిన రింగుల ఫోటోలు తెచ్చి చూడమన్నాడు. ఉలుకూ పలుకూ లేకపోయేసరికి ఆయనా ఆగిపోయాడు. అప్పుడు పెద్ద అధికారి జెరాల్డ్ మేసన్, ఇంజినీరింగ్ విభాగం వైస్ ప్రెసిడెంట్ రాబర్ట్ లండ్‌ను ఇంజినీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమన్నాడు. నలుగురు మేనేజర్లు కలిసి నిర్ణయం మార్చారు. ఇంజినీర్లను ఎవరూ అడగలేదు. లైను మళ్లీ కలిపి, ప్రయోగించవచ్చని చెప్పారు. ఎవరికైనా వేరే అభిప్రాయం ఉందా అని నాసా అధికారి అడిగాడు. ఒక్క గొంతూ లేవలేదు.

మర్నాడు పైకి లేచిన 73 సెకన్లకు ఛాలెంజర్ ముక్కలైంది. ఏడుగురూ చనిపోయారు.

చివరి ప్రశ్న దగ్గరి ఆ నిశ్శబ్దాన్ని మాత్రమే చూస్తే, ఇవాళ్టి ట్రైనర్ కూడా ‘టీము ఎంగేజ్ కాలేదు’ అని రాసుకుంటాడు. దానికి ముందు అరగంట చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. బోజొలే అంతకు ఆరు నెలల ముందే, 1985 జూలైలో, ఇదే ప్రమాదం గురించి పైవాళ్లకు మెమో రాశాడు. థాంప్సన్ కుర్చీలోంచి లేచి నడిచాడు. మనిషి పాల్గొనడం అంటే ఇంతకన్నా ఏముంటుంది? ఆ గదిలో కొరవడింది వినే చెవి. ఆ నిశ్శబ్దం అక్కడికక్కడ, గంటల వ్యవధిలో, పైవాళ్ల చేతుల్లో తయారైంది. మన ఆఫీసుల్లో అది నెలల మీద తయారవుతుంది, తేడా అంతే.

పండితుల మాట కావాలన్నా ఉంది. ఎంగేజ్‌మెంట్ అని హెచ్ఆర్ వాళ్లు రోజూ వల్లించే భావనను పరిశోధనలోకి తెచ్చిన విలియం కాన్, 1990లో రాసిన వ్యాసంలో, మనిషి పనిలో మనసు పెట్టడానికి మూడు షరతులు చెప్పాడు. చేసే పనికి అర్థం ఉండాలి, మనసులో మాట బయటపెడితే హాని ఉండకూడదు, పెట్టడానికి తనలో శక్తి మిగిలి ఉండాలి. అందులో ఆటల ఊసు లేదు. హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆస్పత్రుల మీద చేసిన పరిశోధనలో, మంచి టీములని తేలిన వార్డుల నుంచే మందుల పొరపాట్ల రిపోర్టులు ఎక్కువ వచ్చాయి. కారణం వెతికితే, అక్కడ నర్సులు పొరపాటును దాచకుండా చెప్పగలుగుతున్నారని తేలింది. మిగతా చోట్ల నర్సులు బిడియస్తులని, ఇక్కడివాళ్లు చొరవగలవాళ్లని ఎవరైనా అనగలరా? హెడ్ నర్సు పొరపాటును ఎలా తీసుకుంటుందన్నదే అక్కడ అసలు విషయం.

కెమెరా సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే కరోనా తర్వాత చాలా కంపెనీల్లో ఇది రూలైపోయింది. కెమెరా ఆన్‌లో ఉంటే మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకుని వింటాడన్నది నమ్మకం. ఆలిసన్ గేబ్రియల్ బృందం అమెరికాలో ఒక కంపెనీలో 103 మంది ఉద్యోగుల మీద నాలుగు వారాల పాటు పరీక్షించి 2021లో ఫలితం ప్రచురించింది. కెమెరా పెట్టిన రోజుల్లో అలసట పెరిగింది. అలసట పెరిగినకొద్దీ మీటింగులో మాట్లాడడం, మనసు పెట్టడం తగ్గాయి. ఆడవాళ్లకు, కొత్తగా చేరినవాళ్లకు ఆ అలసట ఇంకా ఎక్కువ. మాట్లాడించడానికని పెట్టిన రూలు, అందులోనూ ఎవరి గొంతు ముందే తక్కువగా వినిపిస్తోందో వాళ్ల గొంతునే ఇంకా తగ్గిస్తోందన్నమాట. వెనక వంటింట్లో అత్తగారు, ఒళ్లో పిల్ల, పక్కన ఎండబెట్టిన బట్టలు ఉన్న సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ నుంచి కాల్‌లోకి వచ్చే అమ్మాయికి ఈ రూలు ఎంత బరువో ఆలోచించి ఉంటే, దాన్ని పెట్టే ముందు ఒక్కసారైనా ఆగేవాళ్లు.

అందరినీ ఒకచోట కూర్చోబెట్టి తోచింది చెప్పమంటే ఆలోచనలు పుడతాయన్న నమ్మకానికీ పునాది లేదు. అలెక్స్ ఆస్బోర్న్ అనే అమెరికన్ అడ్వర్టయిజింగ్ పెద్ద ‘బ్రెయిన్‌స్టార్మింగ్’ను ప్రచారంలోకి తెచ్చిన కొన్నేళ్లకే, 1958లో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాన్ని పరీక్షించారు. అదే సంఖ్యలో మనుషులు విడివిడిగా ఆలోచించి రాసినప్పుడే ఎక్కువ ఆలోచనలు వచ్చాయి. ఇన్నేళ్ల తర్వాతా అదే పద్ధతికి ఫీజులు కడుతున్నాం.

‘పాల్గొనడం’ పేరుతో ఉత్తి మాటలు అప్పగించి, అధికారం దగ్గర పెట్టుకోవడం మన దేశానికి కొత్త కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు పుట్టకముందే ఇది ఫ్యాక్టరీల్లో జరిగింది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం మూడో సెక్షన్ ప్రకారం, వందమంది లేక అంతకు మించి కార్మికులున్న చోట ప్రభుత్వం ఆదేశిస్తే వర్క్స్ కమిటీ పెట్టాల్సి ఉండేది. అందులో యాజమాన్యం ప్రతినిధుల కన్నా కార్మికుల ప్రతినిధులు తక్కువ ఉండకూడదన్నది నియమం. వినడానికి ఎంతో బాగుంది. ఆ కమిటీ ఏం మాట్లాడవచ్చు, ఏం మాట్లాడకూడదు అన్న వివాదం పెరిగాక, 1959లో ఇండియన్ లేబర్ కాన్ఫరెన్స్ చొరవతో రెండు జాబితాలు వచ్చాయి. మాట్లాడవచ్చన్న జాబితాలో గాలి, వెలుతురు, తాగునీరు, క్యాంటీను, పండగ సెలవుల సర్దుబాటు, ఆటపాటలు ఉన్నాయి. మాట్లాడకూడదన్న జాబితాలో జీతాలు, బోనస్, పనిభారం, లేఆఫ్‌లు, ఉద్యోగాల కోత ఉన్నాయి.

ఆ రెండో జాబితాలో ఉన్నదే కార్మికుడి బతుకు. దాన్ని బల్ల మీద నుంచి తీసేసి, క్యాంటీన్ సాంబారు గురించి అభిప్రాయం చెప్పమంటే ఎవరు మాత్రం ఎన్నాళ్లు వస్తారు? 1976లో 42వ సవరణతో కార్మికుల భాగస్వామ్యాన్ని రాజ్యాంగంలోనే, 43ఎ అధికరణంగా, రాశారు. 2020 నాటి కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ వర్క్స్ కమిటీ ఉంది. కాగితం మీద ఎప్పటికప్పుడు కొత్తగా పుడుతూనే ఉంది. చాలాచోట్ల ఆ కమిటీ పనిచేయకపోవడానికి కార్మికులకు ఆసక్తి లేకపోవడమే కారణమన్నవాళ్లు, అదే కార్మికులు యూనియన్ గేట్ మీటింగులో, వేతన ఒప్పందం గడువు ముగిసే రోజుల్లో, ఎండలో నిలబడి గంటల తరబడి ఎలా వాదించుకుంటారో చూసి ఉండరు. ఇవాళ్టి కార్పొరేట్ టౌన్‌హాల్లోనూ ఆ రెండు జాబితాలే నడుస్తున్నాయి. ఆఫీసు గోడల రంగు మీద పోల్ పెడతారు. టీములో ఎవరిని తీసేస్తున్నారో అందరికీ మెయిల్‌లో తెలుస్తుంది.

దీనికి ఎదురు ఉదాహరణ కోసం మనం దూరం పోనక్కర్లేదు. మన ఊళ్లలో డ్వాక్రా సంఘాలు ఉన్నాయి. పది పదిహేనుమంది ఆడవాళ్లు, చాలామంది పెద్దగా చదువుకోనివాళ్లు, ఎవరో ఒకరి అరుగు మీదో వసారాలోనో చాప పరుచుకుని కూర్చుంటారు. క్రమం తప్పకుండా సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాల నిర్వహణ అని పంచసూత్రాలు వాళ్లకు కంఠతా వస్తాయి. ఆ సమావేశాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. ఫలానా ఆవిడ బర్రెకని అప్పు అడుగుతుంది. ‘పోయినసారి తీసుకున్నది బర్రెకేనా, కూతురు పెళ్లికి వాడావా?’ అని ఇంకో ఆవిడ నిలదీస్తుంది. ఒకామె రెండు కంతులు బాకీ పడింది. ఆమె భర్తకు ఆపరేషన్ అయిందని పక్కింటామె చెబుతుంది. అయితే ఈ నెల వడ్డీ మాత్రం కట్టు, అసలు తర్వాత చూద్దామని ఇంకొకరంటారు. గొంతులు లేస్తాయి, కళ్లనీళ్లూ వస్తాయి. చివరికి ఒక మాట మీదికి వచ్చి తీర్మానం పుస్తకంలో రాయించి సంతకాలు చేస్తారు. అక్కడ ఎవరినీ పేరు పెట్టి పిలిచి మాట్లాడించాల్సిన పని లేదు. తమ డబ్బు అక్కడ ఉంది. ఒకరు ఎగ్గొడితే బ్యాంకు దగ్గర సంఘం పరువంతా పోతుంది. పైగా అక్కడ అన్న మాట అక్కడే నిర్ణయంగా మారుతుంది.

ఇప్పుడు అదే ఆడవాళ్లను పట్టణంలో జరిగే బహిరంగ సభకు బస్సుల్లో తీసుకెళ్లినప్పుడు చూడండి. వరసగా కుర్చీల్లో కూర్చుంటారు. చప్పట్లు కొట్టమన్నప్పుడు కొడతారు. గంటల తరబడి ఒక్క మాట ఉండదు. నిన్న అరుగు మీద వాదించిన నోళ్లే అవి. ఒక్క రాత్రిలో వాళ్ల స్వభావం మారలేదు. మీటింగు మారింది.

ఆ సంఘాలన్నీ గొప్పగా నడుస్తున్నాయని నేననడం లేదు. కొన్ని సంఘాల్లో లీడరే పెద్ద అప్పులు తన వాళ్లకు ఇప్పించుకుంటుంది, సంఘం పుస్తకాలు రాసే యానిమేటరు ఇంట్లో కూర్చుని తీర్మానాలు రాసేస్తే సభ్యుల సంతకాలు తర్వాత ఇంటింటికీ తిరిగి పెట్టించుకుంటారు. అలాంటి సంఘంలో సభ్యులు సమావేశానికి రావడం మానేస్తారు. వాళ్లకు చైతన్యం కొరవడిందని అధికారులు శిక్షణ తరగతులు పెడతారు. తీర్మానం ముందే రాసి ఉందని తెలిసిన మనిషి కూలి పోగొట్టుకుని ఎందుకు రావాలి?

ప్రభుత్వ రివ్యూల్లో ఈ జబ్బు ఇంకా ముదిరింది. పైనుంచి వీడియో కాన్ఫరెన్స్ ఉంటుంది. కింద మండలాల్లో అధికారులు భోజనం మానుకుని స్క్రీన్ ముందు కూర్చుంటారు. శాతాల పట్టిక తెర మీదికి వస్తుంది. అట్టడుగున ఉన్న మండలం పేరు పిలుస్తారు. ఆ అధికారి లేచి, పాత బిల్లులు రాక లబ్ధిదారులు ఇళ్ల పని ఆపేశారని చెప్పబోతాడు. ‘సాకులు చెప్పకండి, ఎప్పటికి చేస్తారో చెప్పండి’ అని సమాధానం. ‘చేసేస్తాం సార్’ అంటాడు. ఆ రోజు విన్న మిగతా మండలాల వాళ్లందరూ కూడా ఆ మాట నేర్చుకుంటారు. తర్వాతి రివ్యూలో అంకె పెరిగి ఉంటుంది. ఇళ్లు పెరిగాయో లేదో ఊళ్లోకి వెళ్తేనే తెలుస్తుంది. బడుల కాంప్లెక్స్ మీటింగుల్లో ఉపాధ్యాయులు, పీహెచ్‌సీ రివ్యూల్లో ఆశా కార్యకర్తలు నేర్చుకునేదీ ఈ రెండు ముక్కలే. నిజం చెప్పినవాడికి తిట్లు, ‘చేసేస్తాం’ అన్నవాడికి సెలవు. ఇంత స్పష్టంగా పాఠం చెప్పి, క్షేత్రస్థాయి నుంచి సూచనలు రావడం లేదని బాధపడడం ఏమిటి?

హైదరాబాద్ ఆఫీసుల్లో భాష కూడా ఒక గోడ. తెలుగు మీడియంలో చదివి, క్యాంపస్ సెలక్షన్లో నెగ్గి వచ్చిన కుర్రాడికి సమస్య తెలుసు, పరిష్కారం తెలుసు. దాన్ని ఇంగ్లిష్‌లో, పన్నెండుమంది ముందు, ఒక వాక్యంలో చెప్పాలనేసరికి వాక్యం కట్టుకునే లోపల చర్చ ముందుకు పోతుంది. మీటింగయ్యాక లిఫ్ట్ దగ్గర సీనియర్‌ను ఆపి, ‘అన్నా, అది సర్వర్ సమస్య కాదు, మనం కనెక్షన్లు మూయట్లేదు’ అని తెలుగులో చెబుతాడు. ఆ సీనియర్ తర్వాతి కాల్‌లో అదే విషయం ఇంగ్లిష్‌లో చెప్పి మెప్పు పొందుతాడు. కుర్రాడి ఫైల్లో మాత్రం కమ్యూనికేషన్ స్కిల్స్ తక్కువ అని ఉంటుంది. క్లయింటు లేని మీటింగులో, గదిలో ఉన్నవాళ్లందరికీ తెలుగో హిందీనో వచ్చినప్పుడు కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలన్న పట్టుదల ఎవరికి మేలు చేస్తోందో ఒక్క మేనేజరైనా అడిగి చూశాడా?

నా వాదనకు వచ్చే అభ్యంతరాలు తెలుసు. నిజంగానే బిడియస్తులు ఉంటారు కదా అంటారు. ఉంటారు. వాళ్ల కోసం చేయాల్సింది నలుగురిలో వాళ్ల పేరు పిలవడం కాదు. రాసి ఇచ్చే వీలు కల్పించాలి. అమెజాన్‌లో 2004లో జెఫ్ బెజోస్ పవర్‌పాయింట్ వద్దని చెప్పి, పూర్తి వాక్యాల్లో రాసిన నోటు పెట్టించాడు. మీటింగు మొదట్లో అందరూ దాన్ని మౌనంగా చదువుతారు. ఆ సంస్థ తన కార్మికులను చూసే తీరు మీద నాకు చాలా కోపం ఉంది, అయినా ఈ పద్ధతి మంచిది. బల్ల చుట్టూ ఉన్న అందరికీ ఒకే సమాచారం అందాక మాట మొదలవుతుంది.

నిర్ణయం మా చేతిలో లేదు, పైనుంచి వస్తుంది, మేమేం చేస్తాం అని మధ్యస్థాయి మేనేజర్లు అంటారు. ఇది నిజాయితీ గల అభ్యంతరం. అలాంటప్పుడు మొదటి నిమిషంలోనే ఆ మాట చెప్పండి: ఇది నిర్ణయమైపోయింది, కారణాలివి, అమలులో ఇబ్బందులు మాత్రం చెప్పండి అని. జనం అర్థం చేసుకుంటారు. తేదీ ఖాయమయ్యాక తేదీ మీద అభిప్రాయం అడగడం మాత్రం మోసం. ఒకసారి అలా మోసపోయినవాళ్లు ఆ తర్వాత మీరు నిజంగా అడిగినప్పుడు కూడా నమ్మరు. ఇక, ప్రతివాడి మాటా వింటూ కూర్చుంటే పని సాగదనే వాళ్లకు ఒకటే జవాబు. విన్నదంతా ఒప్పుకోమని ఎవరూ అనడం లేదు. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో చెప్పండి. కారణం విన్న మనిషి మళ్లీ మాట్లాడతాడు.

మనస్తత్వ శాస్త్రవేత్త సోలమన్ ఆష్ 1950లలో చేసిన ప్రయోగాలు మీటింగులు నడిపే ప్రతివాళ్లూ తెలుసుకోవాలి. గీతల్లో ఏది ఏ గీతకు సమానమో చెప్పడం పసిపిల్లలకు కూడా వచ్చే పని. ముందు కూర్చున్నవాళ్లందరూ కావాలని ఒకే తప్పు జవాబు చెబితే, వాళ్ల తర్వాత జవాబు చెప్పే, సంగతి తెలియని మనిషి కూడా మూడో వంతుకు పైగా సార్లు ఆ తప్పే చెప్పాడు. గుంపులో ఒక్కరు నిజం చెప్పినా ఆ తప్పులు నూటికి ఐదారుకు పడిపోయాయి. ఆఫీసులో ముందు మాట్లాడేది పెద్ద మేనేజరే కాబట్టి, ఆయన మాట తర్వాత వచ్చేవన్నీ తలూపడాలే. ఆయన చివర మాట్లాడాలి. అందరికన్నా చిన్నవాళ్లు, పనికి దగ్గరగా ఉన్నవాళ్లు ముందు మాట్లాడాలి. దీనికి ఖర్చు లేదు, ట్రైనర్ అక్కర్లేదు. కావలసింది తన అభిప్రాయాన్ని కాసేపు గొంతులో ఆపుకోగలిగిన మేనేజరు. ఆటల మీద అంత డబ్బు పోయడానికి ఒప్పుకునే పెద్దలు ఈ చిన్న పనికి ఎందుకు ఒప్పుకోరో, ఏం వదులుకోవాల్సి వస్తుందో చూస్తే అర్థమవుతుంది.

వచ్చే నెల ట్రైనర్‌కు ఆర్డరిచ్చే ముందు ఒక పని చేయండి. గడిచిన ఏడాది మీ టీము మీటింగుల మినిట్స్ తీయండి. పైవాళ్లు చెప్పినవి పక్కన పెట్టి, కిందివాళ్లు లేవనెత్తిన అంశాలను మాత్రం ఒక కాగితం మీద రాయండి. మినిట్స్‌లోకి ఎక్కని వాటిని వాళ్లనే అడగండి, అన్నీ గుర్తుంటాయి వాళ్లకు. ఒక్కొక్కదాని ఎదురుగా అది చివరికి ఏమైందో రాయండి: జరిగిందా, కుదరదని కారణం చెప్పారా, ఆఫ్‌లైన్‌లో చూద్దామని వదిలేశారా. ఆ కాగితాన్ని తర్వాతి మీటింగులో అందరి ముందూ పెట్టి, వదిలేసిన వాటిలో మొదటిదాన్ని తెరవండి. దాన్ని లేవనెత్తిన మనిషి ఇంకా మీ టీములోనే ఉంటే, ముందు ఆ మనిషినే మాట్లాడనివ్వండి.